శిథిలాల గదికి కాపలా

పోయిన నెల చికాగో పక్కనుండే షామ్‌బర్గ్ నుంచి అంకుల్ ఫోన్ చేశారు. పండగలకు వాట్సాప్‌లో బొమ్మలు పంపడమే తప్ప ఫోన్ చేసే అలవాటు లేదాయనకు. "ఏమ్మా, మీ బాతెల్‌లో వానలేనా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "మీ ఆంటీ పోయింది తల్లీ. శుక్రవారం. నిద్రలోనే పోయింది," అన్నారు.

తర్వాత ఆయనే, "మ్యూజియంవాళ్లు బొకే పంపారు. ఇంత పెద్దది. ఎక్కడ పెట్టాలో తెలీక కిచెన్‌లో సింక్ పక్కన పెట్టాను," అన్నారు.

ఆవిడ నాకు చుట్టం కాదు. ఊరూ ఒకటి కాదు. ఆవిడది చీరాల, నాది వరంగల్. చికాగోలోని ఒక ఆర్ట్ మ్యూజియంలో ఆవిడ గార్డుగా పనిచేసేది.

మొదటిసారి చూసింది మాంద్యం మొదలైన చలికాలంలో. నేను అప్పుడే ఎమ్మెస్ ముగించి, షామ్‌బర్గ్‌లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి కాంట్రాక్టు మీద కోడ్ రాస్తున్నాను. టికెట్ లేకుండా లోపలికి వదిలే రోజని తెలిసి, ఆఫీసు స్నేహితులతో ట్రైన్ ఎక్కి మ్యూజియానికి వెళ్లాను. గంటకే కాళ్లు లాగేశాయి. వాళ్లను ముందుకు పొమ్మని, ఎవరూ లేని ఒక గదిలో బెంచీ మీద కూలబడి అమ్మకు ఫోన్ చేశాను. నాలుగు మాటలైనా మాట్లాడానో లేదో, "నో ఫోన్స్ ప్లీజ్ అండీ," అని వినిపించింది.

తలెత్తి చూస్తే నల్లకోటు, నల్లప్యాంటు, నడుముకు వాకీటాకీ, నూనె రాసి బిగించిన ముడి, నుదుట ఆవగింజంత బొట్టు. ఆవిడ రెండడుగులు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, తెలుగులో అంది: "అమ్మతోనా? మెట్ల దగ్గరికెళ్లి మాట్లాడుకో తల్లీ. ఇక్కడ కెమెరా ఉంది."

ఆ 'అండీ' ఆవిడ ఇంగ్లీషుకి తోక. "స్టెప్ బ్యాక్ అండీ." "నో ఫ్లాష్ అండీ." గౌరవంగా చెప్పాలనుకున్నప్పుడు ఆ మాట లేకుండా ఆవిడ నోరు తిరిగేది కాదు. ఒకసారి ఒక అమెరికన్ ముసలాయన వెనక్కి తిరిగి, "ఇంతకీ ఈ ఆండీ ఎవరు?" అని అడిగాడట. "మై మదర్ టీచ్ మీ," అని చెప్పిందట ఆవిడ. ఆయన చాలా సానుభూతిగా తల ఊపి వెళ్లిపోయాడట.

ఆవిడ గదిలో ఉన్నవన్నీ శిథిలాల చిత్రాలే. రెండు మూడు వందల ఏళ్ల కిందట ఫ్రాన్సు నుంచీ ఇంగ్లండు నుంచీ చిత్రకారులు రోముకి వెళ్లి, పడిపోయిన గుళ్లనూ విరిగిన తోరణాలనూ గీసుకొచ్చేవారట. వాటిని చూడ్డానికి వెళ్లిన సంపన్నులు జ్ఞాపకంగా కొనుక్కునేవారట. ఆ గదిలో అలాంటివి ఆరు. సగం కూలిన గోపురాలు, స్తంభాల మీద మొలిచిన చెట్లు, సాయంత్రపు పసుపు వెలుగు. వాటి కార్డుల మీది పెద్ద పెద్ద పేర్లతో ఆవిడకి పని లేదు. 'ఆవులది', 'మెట్లది', 'బట్టలారేసింది' అని సొంత పేర్లు పెట్టుకుంది.

అన్నిటిలోకీ ఆవిడకి ఇష్టమైంది బట్టలారేసింది. ఆకాశమంత ఎత్తు తోరణం, దాని కింద రాతిబానలో బట్టలు ఉతుకుతున్న ఒక స్త్రీ, స్తంభం నుంచి ఒక విగ్రహం చేతికి కట్టిన దండెం. నాకు దాన్ని చూపించిన రోజున ఆవిడ మొదట చెప్పింది చిత్రకారుడి తప్పే. "పొయ్యి పొగ చూడు, కుడివైపుకి పోతోంది. బట్టలేమో ఎడమవైపుకి ఎగురుతున్నాయి. గాలి ఎటు వీస్తోందో ఆయనకి తెలీలేదు. ఎన్నడూ బట్టలారేసిన మొహం కాదు."

"ఇది రోములో ఎక్కడుంది ఆంటీ?" అని అడిగాను.

"ఎక్కడా లేదంట. తోరణం ఒక ఊళ్లోదీ, స్తంభాలు ఇంకో ఊళ్లోవీ తెచ్చి ఒకచోట పెట్టాడంట. గైడ్ చెప్తుంటాడుగా. మనవాళ్ల పెళ్లి వీడియోల్లో వెనకాల స్విట్జర్లాండ్ పెట్టరూ, అట్టా అన్నమాట."

గైడ్ చెప్పేవాటిలో ఆవిడకి గిట్టనిది ఒకటుంది. చిత్రంలో మనుషుల్ని పెట్టింది కట్టడం ఎంత పెద్దదో తెలియడానికేనని అతను ప్రతి గుంపుకీ చెప్పేవాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆవిడ కిటికీ వైపు తిరిగేది. "కొలత కోసమంట! ఆవిడేమన్నా కొలబద్దా? చేతులు ఎట్టా ఎర్రగా కందిపోయినయ్యో చూడు. కొలబద్దకి చేతులు కందుతాయా?" జనం నిట్టూర్చడం కూడా ఆవిడకి అర్థమయ్యేది కాదు. "అయ్యో ఎంత వైభవం, అంతా పోయింది అంటారు. ఏం పోయింది? బట్టలుతుక్కుంటున్నారు, పొయ్యి వెలుగుతోంది, ఆవులు మేస్తున్నాయి. ఊరు బానే ఉంది."

ఆవిడ ఇల్లు మా అపార్ట్‌మెంట్లకు రెండు వీధుల అవతలే. అన్నయ్య స్పాన్సర్ చేస్తే భర్తతో కలిసి నడివయసులో వచ్చింది. పిల్లలు లేరు. అంకుల్ ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో పనిచేసేవారు. నా కాంట్రాక్టు మధ్యలో ఆగిపోయి, కొత్త ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో ఇంట్లో ఒంటరిగా ఉండలేక మంగళవారాలు మ్యూజియానికి వెళ్లేదాన్ని. ఆవిడ షిఫ్ట్ అయ్యాక ఇద్దరం కలిసి ట్రైన్‌లో తిరిగొచ్చేవాళ్లం. ఆవిడ బూట్లు విప్పి, కాళ్లు ఎదుటి సీటు కిందికి చాపి, నిమిషంలో నిద్రపోయేది. దిగాల్సిన స్టేషన్‌కి ఒక స్టేషన్ ముందు తనంతట తానే లేచేది. ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఏడు మార్చిలో ఒక మంగళవారం ఆవిడ నన్ను బట్టలారేసిన బొమ్మ దగ్గరికి తీసుకెళ్లి, "ఎడమవైపు కింద మూల చూడు. చూస్తున్నట్టు చూడకు," అంది. ఉతుకుతున్న స్త్రీ బుట్ట పక్కన రంగు కాస్త పైకి లేచి ఉంది. సన్నటి నెర్ర. నాకైతే పాత చిత్రాల్లో ఉండే నెర్రలన్నిటిలాగే కనిపించింది.

"పాతది కదా ఆంటీ."

"పాతవి వేరు. అవన్నీ నిద్రపోతున్న నెర్రలు. ఇది పెరుగుతోంది. రంగు కింద ఉన్న బట్ట వదులై జారింది. జనవరి నుంచి చెప్తున్నా. సూపర్‌వైజర్ 'ఓకే, ఓకే' అంటాడు. ఓల్డ్ పెయింటింగ్స్ క్రాక్ అవుతాయంటాడు."

నేను కూడా మనసులో ఓకే అనుకుని ఊరుకున్నాను.

మే నెలలో ఒకరోజు అంకుల్ మా తలుపు కొట్టారు. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే ఉన్నారు. "మీ ఆంటీని ఇంటికి పంపేశారమ్మా," అన్నారు. వెళ్లేసరికి ఆవిడ డైనింగ్ టేబుల్ దగ్గర బెండకాయలు తరుగుతోంది. ఇద్దరు మనుషులకి అన్ని బెండకాయలు ఎందుకో నాకు అర్థం కాలేదు.

"ఏమైంది ఆంటీ?"

"రంగు పెచ్చు ఊడి కిందపడింది. నేనే చూశాను. ఎవరూ తొక్కకుండా పక్కన నిలబడి రేడియోలో పిలిచాను. వాళ్లొచ్చారు. కెమెరా చూసుకున్నారు. కెమెరాలో రోజూ నేను ఆ మూలకి వెళ్లడం, చెయ్యి చాపడం ఉందంట. నువ్వే ముట్టుకున్నావ్ అంటున్నారు." కత్తి ఆపలేదు. "నేను ముట్టుకోలేదమ్మా. బొమ్మ పక్కన గోడకి అరచేతి వెనకవైపు ఆనించి చూశాను, అంతే. చల్లగా తగిలేది. మిగతా గోడలు అట్టా లేవు. లోపల ఎక్కడో తడి ఉందని నా అనుమానం."

"ఆ మాట వాళ్లకు చెప్పిన్రా?"

"చెప్పాను. 'ఐ నో టచ్ సార్, ఐ ఫీల్ కోల్డ్ ఓన్లీ' అన్నాను. చలేస్తే స్వెట్టర్ వేసుకో అన్నాడు సూపర్‌వైజర్."

అంకుల్ లోపలికి వెళ్లి ఒక చిన్న నోట్‌బుక్ తెచ్చి నా ముందు పెట్టారు. జనవరి నుంచి మే దాకా, డ్యూటీ ఉన్న ప్రతిరోజూ రెండు మూడు ముక్కలు, గుండ్రటి తెలుగు అక్షరాల్లో. 'గురువారం. గసగసమంత ఉంది. కింద బట్ట జారింది.' 'ఆదివారం. అంతే ఉంది.' 'మంగళవారం. ఆవగింజంత.' 'నువ్వుగింజంత. గోడ చల్లగా ఉంది. సూపర్‌వైజర్‌కి చెప్పాను.' 'బియ్యపు గింజంత. మళ్లీ చెప్పాను.'

వారం తర్వాత విచారణ. దీన్ని ఇంగ్లీషులోకి మార్చి, సరైన అనువాదమేనని సంతకం పెట్టి, వచ్చి చదవగలవా అని అడిగారు అంకుల్. వెంటనే సరేనని ఉంటే ఇక్కడ గర్వంగా రాసుకునేదాన్ని. రేపు చెప్తానన్నాను. ఇంటికెళ్తే నా రూమ్మేట్, "నీకు పిచ్చా? హెచ్‌వన్ వీసా మీద ఉన్నావ్, ప్రాజెక్ట్ లేదు. రేపు అది కోర్టు కేసైతే? ఎవరి గొడవల్లోనూ సైన్ చేయకు," అంది. రెండు రోజులు నేను వాళ్ల వీధివైపు నడవలేదు. అంకుల్ ఫోన్ చేయలేదు, ఆంటీ చేయలేదు. ఒక్క మాట అడిగి, ఆ తర్వాత నన్ను నా మానాన వదిలేశారు. ఆ మర్యాదకే నాకు సిగ్గేసింది. మూడో రోజు పొద్దున్నే పెన్నూ లాప్‌టాపూ పట్టుకుని వెళ్లాను.

"రా, కాఫీ పెడతా," అంది ఆవిడ. అంతే.

అనువాదం మొదటి లైనులోనే ఆగిపోయింది. గసగసమంత అంటే వాళ్లకేం తెలుస్తుంది? "మిల్లీమీటర్లలో చెప్పాలె ఆంటీ," అన్నాను. ఆవిడ లేచి పోపులపెట్టె తెచ్చింది. అంకుల్ ఫ్యాక్టరీ బ్యాగులోంచి స్టీల్ స్కేల్ తీశారు. టేబుల్ మీద తెల్లకాగితం పరిచి, గసగసం, ఆవగింజ, నువ్వుగింజ, పెసరగింజ, బియ్యపు గింజ వరుసగా పెట్టి, ఒక్కొక్కటీ పదేసి గింజలు తీసుకుని కొలిచాం. అంకుల్ కళ్లజోడు పైకి నెట్టుకుని అంకెలు చదివారు, నేను టైప్ చేశాను.

"బియ్యం అంటే ఏది ఆంటీ, సోనా మసూరా, బాస్మతీనా?"

"సోనా మసూరి. బాస్మతి అయితే బాస్మతి అనే రాసేదాన్ని," అంది కాస్త నొచ్చుకుంటూ.

విచారణ గదిలో ముగ్గురున్నారు. సూపర్‌వైజర్, హెచ్‌ఆర్ నుంచి ఒక యువకుడు, పాత చిత్రాలకు మరమ్మతు చేసే విభాగం నుంచి తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు. ఆంటీ యూనిఫాం వేసుకునే వచ్చింది. వద్దని చెప్పినా వినలేదు. నేను అనువాదం చదివాను. గసగసం, బ్రాకెట్లో ఒక మిల్లీమీటరు. ఆవగింజ, రెండు. హెచ్‌ఆర్ కుర్రాడు మధ్యలో నవ్వాడు. తెల్లజుట్టావిడ నవ్వలేదు. నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే చదువుకుంది. పెచ్చు ఊడింది మేలో. అక్కడ బట్ట జారిందని జనవరిలోనే రాసి ఉంది.

"బట్ట జారిందని మీకెలా తెలిసింది?" అని ఇంగ్లీషులో అడిగింది ఆంటీని. "మా విభాగంలో ఎవరూ గమనించలేదు."

ఆంటీ నా వైపు చూసింది. "తెలుగులో చెప్తా, నువ్వు చెప్పు. మా నాన్న నేతపనివాడు. మాది గుంట మగ్గం, నేలలో గుంట తవ్వి పెట్టేది. వానాకాలం గుంటలో చెమ్మ వస్తే పడుగు పోగులు, అదే నిలువు పోగులు, వదులవుతాయి. పైకి ఏమీ కనపడదు. పక్క నుంచి వెలుతురు పడితే మాత్రం బట్ట మీద చిన్న అల కనిపిస్తుంది. పొద్దున పదింటికి ఆ కిటికీలోంచి వెలుతురు ఆ మూల మీద పడుద్ది. అప్పుడు అల కనిపించింది. వీళ్లు బొమ్మని చూస్తారు. కింద ఉంది బట్టే కదా."

నేను చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. తెల్లజుట్టావిడ లేచి, బ్యాగులోంచి తడి కొలిచే చిన్న పరికరం తీసి, "రండి, చూపించండి," అంది.

అందరం ఆ గదికి నడిచాం. సూపర్‌వైజర్ చివర్న వచ్చాడు. పరికరం గోడమీద మూడుచోట్ల మామూలుగా ఉంది. ఆ మూల దగ్గర పెట్టగానే ముల్లు సగం దాకా లేచింది. ఆంటీ చేతులు వెనక్కి కట్టుకుని, డ్యూటీలో నిలబడినట్టే నిలబడింది. ఆ వారంలోనే గోడ తెరిచారు. లోపలి పైపు కీలు దగ్గర నీళ్లు చెమర్చి, కిందిదాకా తడిసి ఉంది. ఇంకో ఏడాది అలాగే ఉంటే ఆ స్త్రీ, బుట్ట, దండెం అన్నీ ఊడిపోయేవని చెప్పారట.

ఆవిడ మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజు సూపర్‌వైజర్ ఎదురొచ్చి, "గుడ్ ఐస్," అని భుజం తట్టి వెళ్లాడట. "సారీ చెప్పలేదా?" అని కోపంగా అడిగాను ట్రైన్‌లో. "ఆయనకి సారీ రాదు. నాకు ఇంగ్లీషు రాదు. సరిపోయింది," అని బూట్లు విప్పుకుంది.

చిత్రాన్ని మరమ్మతుకు తీసుకెళ్లారు. ఆ గోడ ఏడాదిన్నరకు పైగా ఖాళీగా ఉంది. ఈలోగా నాకు ప్రాజెక్టు దొరికింది, ఆ తర్వాత బాతెల్‌లో ఉద్యోగం వచ్చింది. ఇల్లు ఖాళీ చేసే వారంలో ఆంటీ ఫోన్ చేసి, "నా లంచ్ బ్రేక్‌లో రాగలవా? ఆ తెల్లజుట్టావిడ కింద వర్క్‌షాప్‌కి రమ్మంది. ఆవిడ చెప్పేది నాకు సగమే అర్థమవుద్ది," అంది.

పెద్ద బల్ల మీద చిత్రం బోర్లా పడుకోబెట్టి ఉంది. వెనక నుంచి చూస్తే తోరణం లేదు, ఆకాశం లేదు. ముదురు బెల్లం రంగు నారబట్ట, అంతే. వందేళ్ల కిందట ఎవరో బలానికని వెనక అతికించిన ఇంకో బట్టను ఇప్పుడు ఊడదీశామనీ, వచ్చేవారం కొత్తది అతికిస్తామనీ, మళ్లీ ఒక వందేళ్లదాకా ఈ అసలు బట్టను ఎవరూ చూడరనీ తెల్లజుట్టావిడ చెప్పింది. "మీరు చూడాలనుకుంటారని పిలిచాను. చేతులు కడుక్కుని రండి. ముట్టుకోవచ్చు."

ఆంటీకి ఆఖరి మాట నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు బట్ట మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఒక అంచు నుంచి నెమ్మదిగా జరిపింది. పెదాలు కదులుతున్నాయి. పోగులు లెక్కపెడుతోందేమో. సగం దూరం వెళ్లాక వేళ్లు ఆగాయి. వెనక్కి జరిపి, మళ్లీ అక్కడికే తెచ్చింది.

"ఇక్కడ పోగు తెగింది," అంది. "తెగితే ఆపి, ముడేసి, మళ్లీ మొదలుపెట్టాడు."

తెల్లజుట్టావిడ భూతద్దం తెచ్చింది. నిజంగానే ముడి. రెండు పొట్టి కొసలు, నేసినవాడు వదిలేసినవి వదిలేసినట్టే ఉన్నాయి. ఆవిడ తన ఫైలు తెరిచి చూసి, దీన్ని దారం లావైన చోటు అని రాసుకున్నానని ఒప్పుకుంది. దీనికి మీ భాషలో పేరేమైనా ఉందా అని అడిగింది.

"ముడే. ఇంకేం పేరు," అంది ఆంటీ. తర్వాత కాస్త కంగారుగా నన్ను అడిగింది: "ముందువైపు తెలుస్తోందేమో అడుగు."

తెల్లజుట్టావిడ ఫైల్లోంచి ముందువైపు ఫొటో బయటికి తీసి, కొలిచి, వేలు పెట్టి చూపించింది. ముడి ఉన్న చోట ముందు ఆకాశం ఉంది. మేఘం అంచు. నున్నగా, ఏ మచ్చా లేకుండా.

ఆంటీ ఆ ఫొటోని చాలాసేపు చూసింది. "మంచి పనివాడు," అంది చివరికి. గోడమీద గడియారం చూసి, "అమ్మో, బ్రేక్ అయిపోయింది. పైన నా బదులు నిలబడినవాడు ఆకలితో ఉంటాడు," అంటూ కోటు గుండీలు పెట్టుకుని, "థాంక్యూ అండీ," అని తలుపు తోసుకుని వెళ్లిపోయింది.

నేను లాప్‌టాప్ బ్యాగు సర్దుకుంటున్నాను. తెల్లజుట్టావిడ ఫైల్లో పాత మాట కొట్టేసి ముడి అని రాసింది. దాని పక్కన కనుక్కున్నవారు అని రాసి, ఆంటీ పూర్తి పేరుకు స్పెల్లింగ్ అడిగింది. పొడుగు ఇంటిపేరు. ఆంటీ నేమ్‌ట్యాగ్ మీద ఎప్పుడూ దాని మొదటి అక్షరమే ఉండేది. నేను ఒక్కొక్క అక్షరమే చెప్పాను. ఆమె మధ్యలో ఒకసారి ఆపింది. అంతా అయ్యాక మొదటినుంచీ చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడిగింది.

సరిగ్గానే ఉంది.